రెండు ఫలకాలున్నా చోటు తేలని ఊరు: 1846 నాటి న్యూ హోప్ ఎక్కడుండేది?

బే ఏరియాలో ఇళ్ల ధరలు అందక ట్రేసీ, మౌంటెన్ హౌస్, ల్యాత్రాప్ వైపు వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఐ-5 మీద మాస్‌డేల్ దగ్గర శాన్ వాకీన్ నది దాటేటప్పుడు వాళ్లలో ఎక్కువమంది చూసేది ముందున్న ట్రాఫిక్‌నే. ఆ రేవు దగ్గరే కాలిఫోర్నియా ప్రభుత్వం గుర్తించిన ఒక చారిత్రక స్థలం ఉంది, నంబరు 437. 1846 శరదృతువులో ‘కామెట్’ అనే తెరచాప పడవ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఏటికి ఎదురెక్కి వచ్చి 20 మంది మార్మన్లను (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్లను) ఇక్కడ దించిందనీ, వాళ్లు స్టానిస్లాస్ నది ఉత్తరపు ఒడ్డున న్యూ హోప్ అనే వ్యవసాయ స్థావరం పెట్టారనీ అక్కడి ఫలకం చెబుతుంది. అక్కడికి కాస్త దూరంలో రిపన్ అనే చిన్న పట్నంలో ఇంకో ఫలకం, నంబరు 436. ఆ ఊరు ఇక్కడికి సుమారు ఆరు మైళ్లు పడమరన ఉండేదని దాని మాట.

అంటే ఒక ఫలకం పడవ దిగిన చోట ఉంది, రెండోది ఊరికి మైళ్ల దూరంలో ఉంది. ఊరు నిలిచిన నేల మీద నిలబెట్టింది ఈ రెండింటిలో ఒక్కటీ కాదు. సుమారు ఫలానా ప్రాంతం అని అందరూ చెప్తారు గానీ, ఆ దుంగల ఇళ్లు ఏ గట్టు మీద ఉండేవో చూపించమంటే అక్కడ మాట ఆగిపోతుంది. ఇంత ఈ మధ్య కాలపు ఊరు, ఫోటోలు మొదలైన రోజుల నాటిది, ఎలా తప్పిపోయింది? కాగితాల్లో వెతికితే ఎంతవరకు దొరుకుతుంది?

ముందు కథ, క్లుప్తంగా. మార్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ను 1844 జూన్‌లో ఇల్లినాయ్‌లో ఒక మూక చంపేసింది. ఆ తరవాత ఆయన అనుచరులు ఉన్న ఊరు వదిలి పడమటికి బయల్దేరారు. ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెనక బండ్ల మీద, నడక మీద వెళ్లారు. న్యూయార్క్ వైపు ఉన్నవాళ్లు మాత్రం శామ్ బ్రానన్ అనే కుర్ర నాయకుడి వెంట ‘బ్రుక్లిన్’ అనే ఓడెక్కారు. 1846 ఫిబ్రవరి 4న న్యూయార్క్‌లో బయల్దేరిన ఆ ఓడ దక్షిణ అమెరికా చివరి కొమ్ము చుట్టూ తిరిగి జులై 31న యెర్బా బ్వేనా చేరింది. సుమారు 230 మంది జనం, వాళ్లతో పాటు నాగళ్లు, పనిముట్లు, ఒక ముద్రణాయంత్రం కూడా. యెర్బా బ్వేనా అంటే ఇప్పటి శాన్ ఫ్రాన్సిస్కో. ఈ పేరు విషయం గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

బ్రానన్ లెక్క ఏమిటంటే, బ్రిగమ్ యంగ్ దళం ఎలాగూ కాలిఫోర్నియాకే వస్తుంది, వచ్చేసరికి పంట చేతికి రావాలి. అందుకని విలియం స్టౌట్ అనే ఆయన నాయకత్వంలో 20 మందిని లోపలి మైదానానికి పంపాడు. వాళ్లు రెండేళ్లకు సరిపడా సరుకులు, విత్తనపు గోధుమలు పట్టుకెళ్లారు. మూడు దుంగల ఇళ్లు కట్టారు. రంపపు మిల్లు పెట్టారు. నది దాటడానికి బల్లకట్టు నడిపారు. 80 ఎకరాల్లో గోధుమ చల్లారు. శాన్ వాకీన్ లోయలో ఇదే మొదటి గోధుమ సాగు అంటారు.

నీళ్లు పెట్టిన పద్ధతి గురించి రిపన్ ఫలకం ఒక చిన్న ముక్క చెబుతుంది: ఒక గడ, దాని చివర ఒక బకెట్. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లకి ఇదేదో విచిత్రమైన ఏర్పాటులా అనిపిస్తుందేమో గానీ మనకి ఒక్క మాటలో అర్థమైపోతుంది, అది ఏతం. అదే నిజమైతే చేలో కనీసం కొంత భాగం నీటికి చాలా దగ్గరగా, చేత్తో తోడగలిగిన ఎత్తులో ఉండి తీరాలి, ఎందుకంటే గడ, బకెట్‌తో బాగా ఎత్తైన గట్టు మీదకి నీళ్లు ఎక్కించలేం. ఫలకం రాసినవాళ్లు అబ్బురంగా చెప్పిన మాటే వెతికేవాళ్లకి ఒక ఆధారం. అయితే ఈ ఆధారం ఒక చిక్కును కూడా వెంట తెస్తుంది, దాని సంగతి నది దగ్గరికి వచ్చినప్పుడు.

ఇక ఊరు ఎలా పోయిందంటే, మొదటి ఇల్లు, పొలం ఎవరివన్న దాని మీద స్టౌట్‌కీ మిగతావాళ్లకీ పడలేదు, స్టౌట్ వెళ్లిపోయాడు. 1847 జూన్ 30న బ్రానన్ గ్రీన్ రివర్ దగ్గర బ్రిగమ్ యంగ్‌ను కలిసి కాలిఫోర్నియా రమ్మని బతిమాలాడు. యంగ్ వినలేదు. జులైలో సాల్ట్ లేక్ లోయలోనే ఆగిపోయాడు. ఎవరి కోసం పంట వేశారో వాళ్లే రానప్పుడు ఆ మైదానంలో ఇంకెందుకు? 1847 ముగిసే లోపు దాదాపు అందరూ కాలిఫోర్నియా తీరానికి తిరిగొచ్చేశారు. తరవాత బ్రానన్ 1848లో బంగారం దొరికిందని శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో అరిచి, పారలు అమ్మి కోటీశ్వరుడయ్యాడు. ఆ కథ అందరికీ తెలిసిందే, ఇక్కడ దానితో పని లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక పాత ఊరి జాడ తీయాలంటే మామూలుగా ఏం చూస్తాం? పన్నుల రికార్డు, భూమి పత్రాలు, జనాభా లెక్కలు, సర్వే పటం. మన దగ్గరైతే అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), తెలంగాణలో సేత్వార్, టిప్పన్ లాంటి భూమి రికార్డులు. న్యూ హోప్‌కు వీటిలో ఒక్కటీ లేదు. పోగొట్టుకోవడం వల్ల కాదు, అసలు రాసే ఆఫీసే అప్పటికి పుట్టలేదు. తేదీలు చూడండి. యెర్బా బ్వేనాలో అమెరికా జెండా ఎగిరింది 1846 జులైలో. మెక్సికో ఆ భూభాగాన్ని ఒప్పందం మీద అధికారికంగా వదులుకుంది 1848 ఫిబ్రవరిలో. కాలిఫోర్నియా రాష్ట్రమైంది 1850లో, శాన్ వాకీన్ కౌంటీ పుట్టిందీ, అక్కడ మొదటి అమెరికన్ జనాభా లెక్కలు తీసిందీ ఆ ఏడాదే. భూముల సర్వేకి మూల బిందువు పెట్టింది 1851లో. న్యూ హోప్ మొదలై ముగిసింది 1846 శరదృతువుకీ 1847 చివరికీ మధ్య. పాత సర్కారు పోయి కొత్తది ఇంకా కుర్చీ ఎక్కని ఆ సందులో అన్నమాట. కాబట్టి కౌంటీ ఆఫీసుకి వెళ్లి ‘న్యూ హోప్ డీడ్ చూపించండి’ అంటే వాళ్ల తప్పేం లేదు, లేని కాగితం ఎక్కడి నుంచి తెస్తారు?

అందువల్ల ఆ కాలపు సాక్ష్యం అంతా మనుషులు రాసుకున్నదే: ఉత్తరాలు, పత్రికలు, ఏళ్ల తరవాత చెప్పిన జ్ఞాపకాలు. వీటిలో ప్రతిదీ దేని కోసం రాశారో ముందు చూడాలి, చోటు సంగతి ఆ తరవాతే.

ఉదాహరణకి బ్రానన్ 1847 జనవరి 1 తేదీ వేసి మార్మన్లకు రాసిన ఉత్తరం. శాన్ వాకీన్ అనే పెద్ద అందమైన నది మీద స్థావరం మొదలుపెట్టామనీ, దాని పేరు న్యూ హోప్ అనీ, 20 మంది దాకా అక్కడ దున్ని గోధుమ వేస్తున్నారనీ, వసంతంలో కుటుంబాలను తీసుకెళ్తారనీ దాని సారాంశం. ఇంతకన్నా దగ్గరి సాక్షి దొరకడు, నాయకుడే, అదీ ఊరు బతికుండగానే రాశాడు. కానీ ఆయన శాన్ వాకీన్ అన్నాడు, మిగతా ఆధారాలన్నీ స్టానిస్లాస్ అంటున్నాయి. ఎవరు తప్పు?

నా ఉద్దేశంలో ఎవరూ తప్పు కాదు. బ్రానన్ ఉత్తరం చదివేది వేల మైళ్ల అవతల, ఆ నదుల పేర్లు వినని జనం. వాళ్లను రప్పించాలి. కాకినాడ దగ్గర చిన్న పల్లెటూరి వాడు ఢిల్లీలో ‘మాది కాకినాడ’ అన్నట్టు, ఆయన పెద్ద నది పేరు, సముద్రపు ఖాతంలో కలిసే నది పేరు చెప్పాడు. పైగా ఊరు రెండు నదులు కలిసే చోటికి దగ్గర. ఈ ఉత్తరాన్ని అక్షరాలా పట్టుకుని శాన్ వాకీన్ గట్టంతా వెతికేవాడు ఉత్తరం కాదు, అడ్రసు చదువుతున్నట్టు. ఒక రాత ఎప్పటిదో దానికన్నా ఎవరికి రాసిందో చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

పేర్ల విషయంలో ఇంకా ఉచ్చులున్నాయి. ఇదే శాన్ వాకీన్ కౌంటీలో, ఉత్తరం కొసన థార్న్‌టన్ అనే ఊరుంది. దాని పాత పేరు ఏమిటో తెలుసా? న్యూ హోప్. 1850ల్లో స్థిరపడ్డ ఊరది, మార్మన్లతో ఏ సంబంధమూ లేదు, మన నదీ సంగమానికి ఎంతో ఉత్తరాన ఉంటుంది. ఆ పరిసరాల్లో న్యూ హోప్ పేరు ఇప్పటికీ వినపడుతుంది. కంప్యూటర్లో ‘న్యూ హోప్, శాన్ వాకీన్ కౌంటీ’ అని కొట్టి, వచ్చిన మొదటి పటం పట్టుకుని బయల్దేరితే నేరుగా తప్పు ఊరికి చేరతారు. ఇంకోటి, న్యూ హోప్‌ను తరవాత స్టానిస్లాస్ సిటీ అన్నారు. అదే సమయానికి, 1849లో, సంగమానికి దగ్గర్లోనే శాన్ వాకీన్ నది పడమటి ఒడ్డున శాన్ వాకీన్ సిటీ అనే నదీ రేవు పట్నం లేచింది. అదీ ఇప్పుడు లేదు. కాబట్టి బంగారం రోజుల తరవాత ఎవరైనా ‘స్టానిస్లాస్ కలిసే చోట ఉన్న పాత పట్నం’ అని రాస్తే, ఏ ఒడ్డు, ఏ పట్నం అని ఆగి చూడాలి.

నదికి కూడా ఒక్క పేరు లేదు. 1829లో మిషన్ శాన్ హోసే మీద తిరగబడి ఆ నది ఒడ్డున మెక్సికన్ సైనికులతో పోరాడిన ఆదివాసీ నాయకుడు ఎస్తనిస్లావ్ పేరే ఇంగ్లిష్ నోట్లో స్టానిస్లాస్ అయింది. అంతకుముందు స్పానిష్ వాళ్లు దాన్ని వేరే పేర్లతో రాసుకున్నారు. పాత పటాల్లో స్టానిస్లాస్ అని వెతికి దొరకలేదని వదిలేస్తే నష్టం మనకే.

పేర్లు అడ్డం రావడమే కాదు, ఒక్కోసారి సాయం కూడా చేస్తాయి. యెర్బా బ్వేనా పేరు 1847 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోగా మారింది. అప్పటికప్పుడు రాసిన 1846 డైరీలో యెర్బా బ్వేనా అని ఉండాలి. ‘1846లో మేం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పడవలో బయల్దేరాం’ అని ఉంటే అది చాలావరకు తరవాత కూర్చుని గుర్తు చేసుకుని రాసింది. అంతమాత్రాన అబద్ధం కాదు. కానీ ఆ మనిషి ముప్పై ఏళ్ల తరవాత ‘సంగమానికి మైలున్నర’ అని చెప్తే, ఆ మైలున్నర ఏ సంవత్సరపు సంగమానికి అని అడగాలి. మాస్‌డేల్ ఫలకం కూడా శాన్ ఫ్రాన్సిస్కో అనే అంటుంది, అదీ తరవాత రాసిందే కదా.

ఈ మైలున్నర అన్న మాట ఊరికే అనలేదు. స్థానిక చరిత్రల్లో ఊరి చోటు గురించి ఎక్కువగా కనిపించే వివరం ఇదే, స్టానిస్లాస్ ఉత్తరపు ఒడ్డున, శాన్ వాకీన్‌లో కలిసే చోటికి సుమారు మైలున్నర ఎగువన అని. వినడానికి బాగా కచ్చితంగా ఉంది. పటం తీసి, సంగమం దగ్గర స్కేలు పెట్టి, మైలున్నర కొలిచి చుక్క పెట్టేస్తే అయిపోలేదా?

పెట్టండి, మూడు ప్రశ్నలు లేస్తాయి. మైలున్నర అంటే కాకి ఎగిరే దారిలోనా, ఏటి వంపుల వెంటా? స్టానిస్లాస్ చివరి భాగం పాములా మెలికలు తిరుగుతుంది, అక్కడ ఈ రెండు కొలతలకీ పొంతనే ఉండదు. రెండోది, చెప్పినవాళ్లు కొలిచారా, కంటితో అంచనా వేశారా? సర్వేయర్ లేని చోట ‘మైలున్నర’ అంటే ‘ఎంతో దూరం కాదు, అలాగని పక్కనే కాదు’ అని అర్థం, మన పల్లెల్లో ‘కోసెడు దూరం’ అన్నట్టు. మూడోది అన్నిటికన్నా పెద్దది. సంగమం కదులుతుంది.

గోదావరి లంకలు, కృష్ణా కరకట్టలు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒండ్రు నేల మీద పారే నది వంపు బయటి ఒడ్డును కోసుకుంటూ, లోపలి ఒడ్డున మేట వేసుకుంటూ జరుగుతుంది. ఒక పెద్ద వరదలో వంపు మెడ తెగిపోతే నది అడ్డదారి పట్టి పాత వంపుని మడుగులా వదిలేస్తుంది. శాన్ వాకీన్ మైదానానికి 1861–62 శీతాకాలంలో అలాంటి మహా వరదే వచ్చింది, లోయ చాలా భాగం సముద్రంలా అయింది. తరవాత కరకట్టలు కట్టారు, పాయలు మూశారు, ఎగువన ఆనకట్టలు వేశారు. ఇప్పటి సంగమం 1846 నాటి సంగమం అని పట్టుకుని కొలిస్తే కొలత మొదలైన చోటే తప్పు. ఏతం తెచ్చే చిక్కు కూడా ఇదే. నీటికి దగ్గరగా ఉన్న చేను కోతకి ముందు పోయే చేను. ఆ 80 ఎకరాల్లో కొంత భాగం ఎప్పుడో నదిలో కలిసిపోయి ఉండొచ్చు, లేదా నది ఒడ్డు జరిగిపోయి ఆ చేను ఇప్పుడు నీళ్లకి అర మైలు దూరంలో, మడుగు పక్కన ఉండొచ్చు. ఇంకోలా చెప్పాలంటే ఇవాళ్టి ఒడ్డు వెంట వెతకడం అన్నిటికన్నా బలహీనమైన పద్ధతి.

రిపన్ ఫలకం ఇచ్చే ఆరు మైళ్లు కూడా ఒకసారి చూద్దాం. రిపన్ నుంచి నేరుగా పడమరకి ఆరు మైళ్లు వెళ్తే స్టానిస్లాస్ నది కనపడదు. రిపన్ దాటాక అది నైరుతికి దిగిపోతుంది. ఆరు మైళ్ల పడమరన మీరు నిలబడ్డ చోటికి నది నాలుగైదు మైళ్లు దక్షిణాన ఉంటుంది. ఇప్పటి సంగమమైతే రిపన్‌కు నైరుతిగా సరళరేఖలో సుమారు 8 మైళ్లు. ఫలకం మీద ‘సుమారు’ అన్న మాట ఉంది కాబట్టి తప్పు పట్టలేం. అది దారిన పోయేవాళ్లకి ‘అదిగో అటు’ అని చెయ్యి చూపించడం. దాన్ని పట్టుకుని తవ్వడానికి వెళ్లకూడదు, అంతే.

మరి చేతిలో ఏముంది? వెనక్కి నడవడం ఉంది. 1846లో పటం గీసినవాళ్లు లేరు గానీ, 1850ల్లో ఆ నేలని గొలుసుతో కొలిచినవాళ్లు ఉన్నారు, వాళ్ల నోటు పుస్తకాలు ఉన్నాయి. నా దృష్టిలో ఈ మొత్తం వెతుకులాటలో అత్యంత విలువైన కాగితం అదే, ఎందుకంటే దాన్ని రాసినవాడికి మార్మన్ల మీద ప్రేమా లేదు, పగా లేదు. కొలిచినంత మేరకు డబ్బులు తీసుకున్నాడు.

పద్ధతి ఇది. 1851లో డయాబ్లో పర్వతం శిఖరం మీద మూల బిందువు పెట్టారు. అక్కడి నుంచి తూర్పు పడమరలకి ఒక గీత, ఉత్తర దక్షిణాలకి ఒక గీత. ఆ గీతల నుంచి నేలని ఆరు మైళ్ల చదరాలుగా కోశారు, ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్. దాంట్లో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ మైలు చదరం, 640 ఎకరాలు. కొలిచింది 66 అడుగుల గొలుసుతో, గొలుసుకి 100 లింకులు, మైలుకి 80 గొలుసులు. మన పాత ఎఫ్‌ఎంబీల్లో లింకుల్లో కొలతలు చూసినవాళ్లకి ఇది పరాయి భాష కాదు, అదే గంటర్ గొలుసు. మన సెంటు భూమి వెయ్యి చదరపు లింకులు అవడం కూడా దాని చలవే.

ఇప్పుడు మన ఊరికి లెక్క కట్టి చూద్దాం. డయాబ్లో శిఖరం నుంచి ఇప్పటి సంగమం తూర్పుగా సుమారు 37 మైళ్లు, దక్షిణంగా సుమారు 15 మైళ్లు. ఆరేసి మైళ్ల చొప్పున తూర్పుకి ఆరు చదరాలు దాటి ఏడోదానిలో పడతాం, దక్షిణానికి రెండు దాటి మూడోదానిలో పడతాం. కాబట్టి కావాల్సింది మూడో దక్షిణ టౌన్‌షిప్, ఏడో తూర్పు రేంజ్ (తూర్పు పడమరలకి లెక్కపెట్టే నిలువు వరసని రేంజ్ అంటారు). సంగమం ఆ చదరం పడమటి అంచుకి దగ్గర కాబట్టి పక్కనున్న ఆరో రేంజ్ పటం కూడా తీసి పెట్టుకోవాలి. ఊళ్ల పేర్లు ఎన్ని మారినా ఈ నంబర్లు మారవు. అమెరికా ప్రభుత్వ భూముల శాఖ ఈ పాత సర్వే పటాలను ఇంటర్నెట్లో పెట్టింది, పైసా కట్టక్కర్లేదు, పేరు కాకుండా ఈ నంబర్లు కొడితే చాలు. థార్న్‌టన్ పొరపాటు జరగదు.

పటం ఒక్కటే చూసి ఆగిపోకూడదు, దాని వెనక ఉన్న నోటు పుస్తకం చదవాలి. సర్వేయర్ ఒక సెక్షన్ గీత వెంట నడుస్తూ ఎన్ని గొలుసుల దగ్గర ఏం తగిలిందో రాసుకుంటూ పోతాడు: ఇన్ని గొలుసుల దగ్గర బాట, ఇన్ని దగ్గర కంచె, ఇన్ని దగ్గర చేలోకి దిగాను, ఇన్ని దగ్గర ఒడ్డు, నది వెడల్పు ఇన్ని లింకులు. ఇళ్లు కనపడితే ఏ దిక్కున ఎంత దూరమో రాస్తాడు. మూలరాయి పోయినా గుర్తుపట్టేందుకు చుట్టుపక్కల చెట్లకి గాట్లు పెట్టి, ఏ చెట్టు, ఎంత లావు, ఎంత దూరం అని రాస్తాడు. అంటే 1850ల నాటి నది ఏ గీతను ఎక్కడ దాటిందో గజాల లెక్కన తెలుస్తుంది. నదిని అలా దాని పాత మంచంలో పడుకోబెట్టాక, ఆ మైలున్నర అప్పుడు కొలవాలి. ఎడమవైపు పాత పటం, కుడివైపు ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని చూస్తే మడుగులు, చెట్ల వరసలు, పొలాల్లో వంకరగా కనిపించే తేమ చారలు ఒక్కొక్కటే పాత వంపుల్లో కుదురుకుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సర్వేయర్ వచ్చేసరికి ఊరు వదిలేసి కొన్నేళ్లయింది. మధ్యలో బంగారం కోసం వేలమంది ఆ మైదానం తొక్కారు. నోటు పుస్తకంలో ఒక ఇల్లు కనిపించగానే ‘దొరికింది’ అని ఎగరకూడదు, అది 1852లో వచ్చిన పశువుల కాపరి గుడిసె కావచ్చు. పాత కంచె, పాత చేను, పాడుబడ్డ ఇల్లు అంటే వేరే సంగతి. అలాగే సర్వేయర్ ఏమీ రాయలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనడమూ తప్పే. ఆయన నడిచింది మైలుకొక గీత మీద, మధ్యలో ఉన్నది ఆయన కంటికి ఆనకపోవచ్చు.

అప్పుడు ఆ 80 ఎకరాలు పనికొస్తాయి. 80 ఎకరాలంటే 800 చదరపు గొలుసులు, ఉదాహరణకి పావు మైలు వెడల్పు, అర మైలు పొడవు. చిన్న మడి కాదది. ఉత్తరపు ఒడ్డున, సంగమానికి ఆ దూరంలో, అంత నిడివి నేల పొడిగా, సాగుకి వీలుగా ఎక్కడెక్కడ ఉండేది? దీనికి ఇంకో కాగితం సాయపడుతుంది. 1850లో అమెరికా కాంగ్రెస్ చిత్తడి, ముంపు భూముల్ని రాష్ట్రాలకి ఇస్తూ చట్టం చేసింది. దాంతో ఏ నేల ముంపు, ఏది కాదు అని అధికారికంగా గుర్తించాల్సి వచ్చింది. ముంపు అని గీసిన నేలంతా కొట్టేస్తే మిగిలే ముక్కలు తక్కువే ఉంటాయి. అయితే ఈ జాబితాలని కళ్లు మూసుకుని నమ్మకూడదు, ముంపు భూమి చవగ్గా దొరుకుతుందని ఎండు నేలని కూడా ముంపు కింద రాయించుకున్నవాళ్లు కాలిఫోర్నియాలో ఉన్నారు. ఇలాంటి తెలివితేటలు మనకేం కొత్త కాదు.

మెక్సికన్ కాలపు భూ దానాల కేసులు ఇంకో గని. 1851 చట్టం కింద వేసిన కమిషన్ ముందు 813 దావాలు వచ్చాయి. ఒక్కో దావాలో చేత్తో గీసిన పటాలు, హద్దుల గురించి సాక్షుల వాంగ్మూలాలు. హద్దు తగాదాలో సాక్షి ఎప్పుడూ ‘ఫలానా వాళ్ల పాత ఇల్లు ఉన్న చోటు నుంచి’ అని చెప్తాడు, ప్రపంచంలో ఏ కోర్టులోనైనా అంతే. న్యూ హోప్ ఎవరి దావాలోనూ లేకపోయినా, నది అవతలివాడి దావాలో గుర్తుగా పనికొచ్చి ఉండొచ్చు. వెతికేవాళ్లు చాలామంది ఊరి పేరుతోనే వెతుకుతారు, పక్కవాళ్ల గొడవల్లో వెతకరు.

బల్లకట్టు గురించి నాకో అనుమానం. 1846 చలికాలంలో ఆ ఖాళీ మైదానంలో 20 మంది ఎవరిని దాటించడానికి బల్లకట్టు నడిపారు? సొంత అవసరానికి ఒక తెప్ప ఉండి ఉంటుంది. బేరం మీద బల్లకట్టులు లాభసాటి అయింది బంగారం రోజుల్లో, మాస్‌డేల్ దగ్గర శాన్ వాకీన్ మీద మొదటి బల్లకట్టు కూడా 1848 నాటిదే. బల్లకట్టు మాట చెప్పిన రిపన్ ఫలకం రెండు మూడేళ్ల సంగతుల్ని ఒక్కచోట కుక్కిందేమో అనిపిస్తుంది. అది నిజమైతే బల్లకట్టు రేవు ఊరి చోటికి సాక్ష్యం కాదు, తరవాతి స్టానిస్లాస్ సిటీకి సాక్ష్యం. రెండూ ఒకే గట్టు మీద ఉండాలని రూలేం లేదు.

పడవ దిగిన చోటు కూడా అంతే. మాస్‌డేల్ నుంచి ఇప్పటి సంగమానికి సరళరేఖలోనే సుమారు తొమ్మిది మైళ్లు. విత్తనాలు, పనిముట్లు అక్కడి నుంచి ఎద్దుల మీద చేరాయంటారు. పడవ అంత కిందే ఎందుకు ఆగింది, నీళ్లు లేకా, నేల గట్టిగా ఉందనా? 1869లో ఖండాంతర రైలు మార్గపు చివరి వంతెన కట్టడానికి అదే మాస్‌డేల్‌ని ఎంచుకున్నారంటే అక్కడ ఒడ్డు గట్టిదని అనుకోవచ్చు. ఈ లోయలో కదలని చోట్లు తక్కువ. ఉన్నవాటిని మేకులుగా పెట్టుకుని మిగతావాటిని కొలవాలి.

పోలిక కోసం ఇంకో మార్మన్ ఊరి సంగతి. 1865లో ఎడారిలో మడ్డీ నది దగ్గర సెయింట్ థామస్ అనే ఊరు కట్టారు. దాని చోటు ఎప్పుడూ తప్పిపోలేదు, రాష్ట్రం తప్పిపోయింది. వాళ్లు యూటాలోనో అరిజోనాలోనో ఉన్నామనుకున్నారు, 1870లో హద్దుల సర్వే చేస్తే నెవాడాలో తేలారు. నెవాడా పాత పన్నులు బంగారు నాణేల్లో కట్టమంది, మరుసటి ఏడాది చాలామంది ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. 1938లో హూవర్ డ్యామ్ నీళ్లలో మునిగిపోయి, కరువుకి సరస్సు తగ్గాక 2000ల్లో మళ్లీ పునాదులు తేలాయి. దాని గురించి కాగితాలు కుప్పలు, ఎందుకంటే పన్ను అడిగిన సర్కారు ఉంది. న్యూ హోప్‌ని ఎవరూ పన్ను అడగలేదు.

ఇంతకీ ఎక్కడ? నన్నడిగితే చుక్క పెట్టను, గట్టు మీద ఒక రెండు మైళ్ల నిడివిని చూపిస్తాను: ఇప్పటి సంగమానికి ఎగువన, కాస్వెల్ స్టేట్ పార్కుకి దిగువన, ఉత్తరం వైపు, 1850ల నాటి నది ఒడ్డు మీద. కాస్వెల్ పార్కు సంగమానికి సరళరేఖలో మూడు నాలుగు మైళ్లు ఎగువన ఉంటుంది. 258 ఎకరాల ఆ అడవిలో పెద్ద ఓక్ చెట్లు, అడవి ద్రాక్ష తీగలు ఇంకా ఉన్నాయి. మార్మన్లు ఇళ్లకి దుంగలు కొట్టిన అడవి ఎలా ఉండేదో చూడాలంటే ఆ చుట్టుపక్కల మిగిలింది అదే. పార్కులో తవ్వడం నేరం, చుట్టూ ఉన్నది ప్రైవేటు భూమి.

రిపన్ చుట్టూ ఇప్పుడు బాదం తోటలు. కొత్త తోట వేసే ముందు ఆ రైతులు పెద్ద ట్రాక్టరుకి పొడవాటి ఇనుప కొక్కెం తగిలించి నేలని నాలుగైదు అడుగుల లోతు దాకా చీలుస్తారు. దుంగల ఇల్లు 170 ఏళ్లకి పైగా వరద మేట కింద ఉంటే కర్ర మిగలదు, మేకులు, రంపం ముక్క, నాగలి కర్రు లాంటివి మిగులుతాయి. అలాంటిది ఒకటి ఎప్పుడో ఏ తోటలోనో పైకి వచ్చి, పాత ఇనుము అని షెడ్డు మూల పడేసి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ రైతును పట్టుకుని, అది ఏ వరసలో దొరికిందో అడగాలి.